బేస్‌బాల్ మైదానములు: దృశ్యము ముఖ్యమా? దృష్టి ముఖ్యమా?

ఒక కట్టడము బాగుగ నున్నదా లేదా అని చెప్పునపుడు సాధారణముగా దాని రూపమును చూతుము. ఆటస్థలము విషయములో రూపముకన్న ముందు చూడవలసినది దిక్కు. ఇటుక గోడలు, ఇనుప దూలములు, దీపస్తంభములు తరువాత మార్చుకొనవచ్చును. మైదానము ఏ దిక్కునకు తిరిగియున్నదో అది మాత్రము పునాదులు వేసిన నాడే నిర్ణయమై పోవును. అమెరికాలో గత మూడు దశాబ్దములలో వెలసిన బేస్‌బాల్ మైదానములను ఈ దృష్టితో పరిశీలించుట ఉచితము.

బేస్‌బాల్ మైదానములో 90 అడుగుల భుజముగల చతురస్ర ముండును. దాని నాలుగు మూలలును నాలుగు బేసులు. అందు ‘హోమ్’ అను మూలవద్ద బ్యాటర్ నిలుచును. అతనికి 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి పిచ్చర్ బంతిని విసరును. హోమ్ నుండి పిచ్చర్ మీదుగా రెండవ బేసునకు పోవు కర్ణమే మైదానమునకు అక్షము. ఈ అక్షము తూర్పు, ఈశాన్యముల నడిమి దిక్కునకు, అనగా ఉత్తరమునుండి 67.5 డిగ్రీలు తూర్పుగా, ఉండుట వాంఛనీయమని ఆట నిబంధనలు చెప్పుచున్నవి. ‘వాంఛనీయము’ అన్నారే గాని ‘తప్పనిసరి’ అనలేదు. వివాదమంతయు ఈ ఒక్క మాటలో నున్నది.

నిబంధనకు కారణము ఖగోళశాస్త్రములో దొరకును. బేస్‌బాల్ ఋతువు వసంతమున మొదలై అక్టోబరు దాటువరకు సాగును. పూర్వము ఆటలన్నియు మధ్యాహ్నమున మొదలై సాయంకాలమునకు ముగిసెడివి. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశమున జూన్ 21 ప్రాంతమున సూర్యుడు పడమరకు సుమారు 31 డిగ్రీలు ఉత్తరముగా అస్తమించును; సెప్టెంబరు చివర సరిగా పడమట; అక్టోబరులో కొంత దక్షిణముగా. అక్షము నిబంధన ప్రకార మున్నచో ఈ కాలమంతటను సాయంకాలపు ఎండ బ్యాటర్ వెనుకనే ఉండును.

అట్లయిన ఎండ ఎవరికిని తగులదా? తగులును. కుడి మైదానమున నిలుచు ఫీల్డర్ హోమ్ వైపు చూచినచో ఇంచుమించు పడమటి దిక్కునే చూచును. నిబంధన ఎండను తొలగింపలేదు. ఒకరి కన్నులనుండి మరియొకరి కన్నులకు మార్చినది. ఈ మార్పు న్యాయమా యని లెక్కించి చూడవచ్చును. గంటకు 90 మైళ్ల వేగమనగా సెకనుకు 132 అడుగులు. పిచ్చర్ చేయి ముందునకు చాచి విసరుటచే బంతి నిజముగా ప్రయాణించు దూరము 55 అడుగులు మాత్రమే. అందుకు పట్టు కాలము 0.4 సెకను. ఎత్తుగా లేచిన బంతి దూరపు ఫీల్డర్‌ను చేరుటకు 4, 5 సెకనులు పట్టును. పది రెట్లు అధికముగా వ్యవధి గలవానికి ఎండను అప్పగించుట సమంజసమే. అతడు టోపీ అంచును దించుకొనవచ్చును, చేయి అడ్డము పెట్టుకొనవచ్చును. బ్యాటర్‌కు ఆ అవకాశము లేదు.

బంతి కనబడకపోవుట పరుగుల నష్టముతో పోవు విషయము కాదు. 1920 ఆగస్టు 16వ తేదీన న్యూయార్కులోని పోలో గ్రౌండ్స్ మైదానమున రే చాప్‌మన్ అను ఆటగాని తలకు బంతి తగిలెను. మరునాడు అతడు మరణించెను. ఆనాడు వెలుతురు మందముగా నున్నది. బంతి మాసిపోయి యున్నది. అతడు దానిని చూచినట్లే లేదు. అటుపిమ్మట మాసిన బంతిని వెంటనే మార్చు ఆచారము బలపడెను. బ్యాటర్‌కు ఎదురుగా నడిమి మైదానము వెనుక ముదురు రంగు తెర నుంచుటయు తెల్లని బంతి స్పష్టముగా కనబడుటకే.

ఇక క్రొత్త మైదానముల సంగతి. 1992లో బాల్టిమోర్ నగర మధ్యమున కామ్‌డెన్ యార్డ్స్ మైదానము తెరువబడినది. పాత రైల్వే గిడ్డంగిని ఆటకు వెనుక దృశ్యముగా నిలిపిన ఆ కట్టడమును అందరు మెచ్చిరి. తరువాత అనేక నగరములు అదే మార్గమును పట్టినవి. 2000లో డెట్రాయిట్ నగరమున కట్టిన కొమెరికా పార్క్ అక్షము దక్షిణ, ఆగ్నేయముల నడుమకు తిరిగినది. 2001లో పిట్స్‌బర్గ్‌లో కట్టిన పి.ఎన్.సి. పార్క్ ఆగ్నేయపు దిక్కునకు తిరిగినది. మొదటిదానిలో ప్రేక్షకులకు ఎదురుగా నగరపు మేడల వరుస, రెండవదానిలో అలెఘేనీ నది, వంతెన, ఆవలి మేడలు కనబడును. పిట్స్‌బర్గ్ మైదానము చూచుటకు అందమైన వాటిలో ఒకటి యనుటలో సందేహము లేదు.

వీటిని తొందరపడి నిందించుట న్యాయము కాదు. ఆగ్నేయము చూచు బ్యాటర్‌కు కూడ సాయంకాలపు ఎండ ముఖమున పడదు. అయితే భారము చేతులు మారును. డెట్రాయిట్‌లో ఎడమ మైదానపు ఫీల్డర్ హోమ్ వైపు చూచినచో వాయవ్యమును చూచును. జూన్ అస్తమయమును ఆ వైపుననే. ఎత్తైన ప్రేక్షకుల వేదికలు సూర్యుని కొంత మరుగుపరచుటచే బాధ తగ్గును. కాని ఆ వేదికల నీడ హోమ్‌పై పడి పిచ్చర్ ఇంకను ఎండలో నున్న సమయమున బంతి వెలుగులో బయలుదేరి చీకటిలోనికి వచ్చును. అపుడు కన్ను సర్దుకొనుటకు 0.4 సెకను చాలదు. ఈ చిక్కు నిబంధన ననుసరించిన మైదానములకును కలదు. కాబట్టి దిక్కుతోబాటు వేదిక ఎత్తును, ఆట వేళను కలిపి లెక్కింపవలెను.

‘ఇపుడు దీపములు వచ్చినవి గదా, సూర్యునితో పని యేమి?’ అని కొంద రడుగవచ్చును. 1935లో సిన్సినాటిలో మేజర్ లీగ్ మొదటి రాత్రి ఆట జరిగిన మాట నిజము. కాని డెట్రాయిట్‌లో జూన్ మాసమున సూర్యుడు రాత్రి 9 గంటలు దాటిన పిమ్మట అస్తమించును. 7 గంటల ప్రాంతమున మొదలగు ‘రాత్రి ఆట’లో రెండు గంటలు పగలే. కప్పు వేసినను చిక్కు తీరలేదు. 1965లో హ్యూస్టన్‌లో తెరచిన ఆస్ట్రోడోమ్ కప్పునకు పారదర్శక ఫలకములు అమర్చిరి. ఆ వెలుగులో ఎత్తుగా లేచిన బంతి ఫీల్డర్లకు కనబడలేదు. ఫలకములకు రంగు పూయగా గడ్డి చచ్చిపోయెను. 1966లో కృత్రిమపు గడ్డి పరువవలసి వచ్చెను.

సూర్యుని వలెనే గాలియు లెక్కకు రావలెను. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1960లో తెరచిన కాండిల్‌స్టిక్ పార్క్ చలిగాలికి అపఖ్యాతి పొందినది. ఆ అనుభవముతో అదే జట్టు 2000లో తెరచిన క్రొత్త మైదానమునకు (నేటి పేరు ఒరాకిల్ పార్క్) ముందుగా చిన్న నమూనాను చేయించి, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు వాయు సొరంగములో బ్రూస్ వైట్ చేత పరీక్షింపజేసెను. ఆ ఫలితములనుబట్టి మైదానపు దిక్కును మార్చిరి. నేడది తూర్పునకు తిరిగియున్నది. పడమటి వేదికలు గాలికి అడ్డముగా నిలుచును. విశేష మేమనగా అచ్చట సముద్రపు పాయ దృశ్యమును నష్టము కాలేదు. శాస్త్రము ముందు నడచినచో సౌందర్యము వెనుక రాగలదని ఇది నిరూపించుచున్నది.

మనకు పరిచితమైన క్రికెట్‌లోను ఇదే పాఠము. పిచ్‌ను సాధారణముగా ఉత్తర దక్షిణములుగా వేయుదురు. న్యూజీలాండులోని నేపియర్ మైదానమున పిచ్ తూర్పు పడమరలుగా నున్నది. 2019 జనవరి 23న భారత జట్టు బ్యాటింగు చేయుచుండగా అస్తమించు సూర్యుడు కన్నులకు ఎదురగుటచే ఆటను కొంతసేపు నిలుపవలసి వచ్చెను.

క్రొత్త మైదానములను పొగడునపుడు ‘ఎచటినుండి ఏమి కనబడును?’ అని ప్రేక్షకుని పక్షమున అడుగుచున్నారు. ‘బంతి కనబడునా?’ అని ఆటగాని పక్షమున ముందుగా అడుగవలెను. ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఒక పని చేయింపవచ్చును. దిక్సూచితో పాఠశాల ఆటస్థలపు అక్షమును కొలిపించి, నెలకొకసారి సాయంకాలము 5 గంటలకు నిలువు కర్ర నీడను గుర్తింపజేయుడు. సంవత్సరము గడచునప్పటికి ఆ మైదానమున ఎండ ఎవరి కన్నులలో పడుచున్నదో వారే చెప్పగలరు.