సగం గీకిన తీగ

మొన్న ఆదివారం పట్టిసీమ రేవులో, వీరభద్రస్వామి గుడికి తీసుకెళ్లే పడవ కోసం కూర్చున్నాను. పక్కనే ఓ తండ్రి, ఎనిమిదో తరగతి కూతురు. పిల్ల ఒళ్లో అట్టపెట్టె, అందులో సైన్స్ ఫెయిర్‌కని రాజమండ్రిలో కొన్న మోటారు కిట్టు. సెల్లు పెట్టగానే తీగచుట్ట గిర్రున తిరిగింది. నాకు ఒళ్లు మండింది. పిల్లల చేతికి పని చెప్పకుండా కొట్లోంచి తెచ్చిపెట్టే పెద్దల మీద ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు.

నా చిన్నప్పుడు కిట్లెక్కడివి? పాడైన రేడియో స్పీకరులోంచి అయస్కాంతం పీకాను. అమ్మ పిన్నీసులు రెండు, టార్చిలైటు సెల్లు ఒకటి, మోటారు వైండింగ్ షాపులో అడిగి తెచ్చుకున్న బారెడు ఎనామిల్ రాగితీగ. తీగని సెల్లు మీద పది చుట్లు చుట్టి, కొసలు రెండూ బ్లేడుతో నిగనిగలాడేలా గీకి, పిన్నీసుల కన్నాల్లో దూర్చాను. చుట్ట ఊగింది, ఆగింది. తోస్తే మళ్లీ ఊగి ఆగింది. రెండు రోజులు అదే వరస. చివరికి షాపు మేస్త్రీ చూసి, "శుభ్రంగా గీకేశావురా, అదే తప్పు. ఒక కొస పూర్తిగా గీకు, రెండోది ఒక్క పక్కే గీకు" అన్నాడు. కొత్త తీగతో అలాగే చేస్తే తిరిగింది. బహుమతీ వచ్చింది.

ఇదంతా ఆ తండ్రికి చెప్పబోతుంటే పిల్ల చుట్టని ఎండకి పట్టి చూసింది. "తాతగారూ, ఈ కొస అంతా మెరుస్తోంది, ఆ కొస సగమే మెరుస్తోందేంటండీ?"

ఆ ప్రశ్న నేను వేయలేదు. మేస్త్రీ గీకమన్నాడు, గీకాను. కారణం తెలిసేసరికి ఇంటర్లోకి వచ్చాను. కరెంటు ఆగకుండా పారితే, అయస్కాంతం చుట్టని ఓ అరచుట్టు ముందుకి, మరో అరచుట్టు వెనక్కి తోస్తుంది. వెనక్కి తోసే వేళకి ఎనామిల్ అడ్డొచ్చి కరెంటు తెగాలి. ఆ కాసేపు చుట్ట తన ఊపుతోనే తిరిగిపోతుంది. పిల్లకి అదే చెప్పాను.

"మరి మన ఎత్తిపోతల మోటార్లకీ సగమే గీకుతారా?" అంది. 2015లో మొదలైన ఆ పట్టిసీమ పథకంలో 24 పంపులు. ఒక్కోటి సెకనుకి పదివేల లీటర్ల గోదారి నీళ్లెత్తి, పోలవరం కుడికాలువ మీదుగా కృష్ణకి పంపుతుంది. అక్కడ గీకుడు లేదమ్మా, మూడు ఫేజుల కరెంటు తనంతట తనే దిశ మారుతూ అయస్కాంత క్షేత్రాన్నే తిప్పుతుంది, రోటరు దాని వెంట పడుతుంది అని చెప్పాను. పడవ వచ్చేదాకా ఆ పిల్ల అడుగుతూనే ఉంది.

కిట్టు మీద నా కోపం రేవులోనే పోయింది. చేత్తో చేసి నేను అడగనిది, కొన్న పిల్ల అడిగింది. మాస్టారూ, ఈసారి ఫెయిర్‌లో మోటారు ఎక్కడ కొన్నారని అడక్కండి. రెండు కొసలూ పూర్తిగా గీకిన చుట్ట ఒకటి పక్కన పెట్టించి, అదెందుకు ఆగిపోతోందో పిల్లలచేత చెప్పించండి. మార్కులు దానికి వేయండి.