పిడి ఏ కొయ్యతో?

విల్లు చేయించుకోదలచినవాణ్ని బౌయర్, అంటే విల్లులు చేసేవాడు, ముందుగా అడిగేవి మామూలు ప్రశ్నలే. లాగుడు ఎంత బరువుండాలి, నారి ఎంతదాకా వెనక్కి వస్తుంది, కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా. వీటికి జవాబు టేపుతోనూ త్రాసుతోనూ దొరుకుతుంది. ఆ తర్వాత వచ్చే ప్రశ్న అలా లొంగదు: రైజర్ ఏ కొయ్యతో? నాలాంటివాళ్లు వారాల తరబడి చతికిలబడేది అక్కడే.

ఏ విల్లు సంగతో చెప్పాలి కదా. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతో. దాని కొసల్లో కప్పీలు తిరుగుతాయి, నడుమ భాగం లోహం. నేను చెప్పేది అది కాదు. కప్పీలూ గురిపుల్లలూ లేని లాంగ్‌బో, రికర్వ్. అమెరికాలో వీటిని ‘ట్రెడిషనల్’ అంటారు. నేనుండే మిచిగన్‌లో ఈ పిచ్చి కాస్త ఎక్కువే. ఫ్రెడ్ బేర్ తన విల్లుల కర్మాగారాన్ని నడిపింది ఈ రాష్ట్రంలోని గ్రేలింగ్ అనే చిన్న ఊళ్లో. కొయ్య పట్టీలకు ఫైబర్‌గ్లాస్ అతికించిన విల్లును మామూలు వేటగాళ్ల చేతికి అందించినవాళ్లలో ఆయన ముందుంటాడు. కలమజూలో చలికాలంలో ఈ విల్లుల మేళా జరుగుతుంది. బయట మంచు, లోపల బల్లల నిండా చెక్కి మెరుగుపెట్టిన కొయ్య. పర్సు ఇంట్లో మరచి వెళ్లడం ఆరోగ్యం.

రైజర్ అంటే విల్లు నడుమ మందంగా ఉండే భాగం. చేయి పట్టేది అక్కడే, బాణం ఆనేది దాని పక్కన చెక్కిన చిన్న మెట్టు మీద. పైనా కిందా ఉన్న లింబులు వంగాలి, ఇది వంగకూడదు. శక్తిని దాచుకునేది, నారి వదలగానే తిరిగి ఇచ్చేది లింబులే. అందుకే బాణం వేగంలో రైజర్ కొయ్య జాతికి దాదాపు వాటా లేదు. ఒకే లింబులు, ఒకే ఆకారం అయితే వాల్‌నట్ పెట్టినా, దానికి ఎన్నో రెట్లు ఖరీదైన కోకోబోలో పెట్టినా బాణం తన దారిన తాను పోతుంది. అమ్మకపు బల్ల దగ్గర ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పరు. అడిగితే మాత్రం అబద్ధమూ చెప్పరు.

మరి తేడా ఎవరికి? చేతికి. చెక్కడమంతా పూర్తయ్యాక రైజర్‌లో మిగిలే కొయ్య అర లీటరు పరిమాణం అనుకుందాం. అంత వాల్‌నట్ సుమారు 300 గ్రాములు తూగుతుంది. గట్టి మేపుల్ 350. పశ్చిమ, మధ్య ఆఫ్రికాల నుంచి వచ్చే బుబింగా 445. మధ్య అమెరికా కోకోబోలో 550 దాకా పోతుంది, నీళ్లలో వేస్తే మునుగుతుంది. ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ అయితే 630 పైమాటే, వాల్‌నట్‌కు రెట్టింపు. బాణం వెళ్లిపోయాక లింబుల్లో కొంత శక్తి మిగిలిపోతుంది. అది అదురుగా మారి అరచేతిలోకి వస్తుంది. లాంగ్‌బో పట్టినవాళ్లకు ఈ అదురు బాగా తెలుసు, మోచేయి దాకా పాకుతుంది. నడుమ బరువుంటే అది తగ్గుతుంది. నారి లాగి నిలిపినప్పుడు విల్లు పట్టిన చేయి వణుకు కూడా కొంత సర్దుకుంటుంది. లక్ష్యాల మీద బాణాలు వేసుకునే నాబోటివాడికి బరువు మంచిదే. జింక కోసం పొద్దంతా అడవిలో తిరిగేవాడు మాత్రం వాల్‌నట్‌తోనే సుఖపడతాడు.

బరువొక్కటే చూసి కొయ్య ఎంచితే మళ్లీ చిక్కే. పిడి దగ్గర, బాణం ఆనే మెట్టు దగ్గర కొయ్యను లోపలికంటా తొలిచేస్తారు. విల్లు మొత్తంలో ఎక్కువ ఒత్తిడి పడే చోట తక్కువ కొయ్య మిగులుతుందన్నమాట. అక్కడ నార నిడువుగా సాగకుండా ఏటవాలుగా పక్కకు పోతే, ఏదో ఒకరోజు పూర్తిగా లాగిన విల్లు చేతిలోనే విరుగుతుంది. మెలికలు తిరిగిన నార, బొడిపెల్లోంచి కోసిన సుడుల చెక్క చూపుకు ఎంత అందమో పనికి అంత అనుమానం. అందుకే బౌయర్లు దిమ్మెను నిలువునా చీల్చి, నడుమ మేపుల్ పట్టీయో ఫైబర్‌గ్లాస్ పట్టీయో పెట్టి మళ్లీ అతికిస్తారు. విల్లుల మీద కనబడే ఆ వంపు గీతలు సోకు కోసమే అనుకుంటాం గాని, సగం పని బలానిది. రైజర్ రెండు కొసలూ లింబుల్లోకి కలిసేచోట కాగితమంత పలుచనవుతాయి. పెళుసు కొయ్య అక్కడ రేకులుగా లేచిపోతుంది.

జిగురు సంగతి ఇంకోటి. కోకోబోలో, రోజ్‌వుడ్ లాంటివి నూనె పట్టిన కొయ్యలు. అతికించే ముందు ముఖాన్ని అసిటోన్‌తో తుడిచి, నూనె మళ్లీ పైకి ఊరకముందే ఎపాక్సీ పూయాలి. కోకోబోలో పొడి ఒంటికి పడనివాళ్లూ ఉన్నారు, దద్దుర్లు లేస్తాయి, ఊపిరి ఆడదు. వెంగే అనే కొయ్య పేడు వేలిలో దిగితే చీము పట్టేదాకా వదలదు. కొనేవాడికి మెరుపు, చేసేవాడికి దురద. ధర అడిగేటప్పుడు ఈ పద్దు కూడా గుర్తుంచుకోవడం న్యాయం.

రంగు చూసి పడిపోయేవాళ్లకు ఒక హెచ్చరిక. పర్పుల్‌హార్ట్ కోసిన కాసేపటికి ఊదా రంగు తిరుగుతుంది, ఎండ తగిలిన కొన్నేళ్లకు గోధుమ వన్నెకు దిగుతుంది. ఆఫ్రికా పడౌక్ మండే నారింజ రంగుతో మొదలై చివరికి అక్కడికే చేరుతుంది. బొకోటే కాస్త నయం. మెక్సికో, మధ్య అమెరికాల కొయ్య. పసుపు కలిసిన గోధుమ రంగు మీద నల్లటి చారలు, మధ్యమధ్యన కళ్లలాంటి సుడులు. మేళాలో అలాంటి విల్లొకటి చేతిలోకి తీసుకుని చాలాసేపు కింద పెట్టలేకపోయాను. దాని లాగుడు నా బలానికి మించింది, పిడి నా అరచేతికి పెద్దది. అయినా అదే కావాలనిపించింది. కొయ్య మోజు అలాగే పని చేస్తుంది.

దూరదేశపు కొయ్య మీద విలుకాళ్ల మోజు ఇప్పటిది కాదు. ఇంగ్లండ్ వాళ్లు గొప్పగా చెప్పుకునే లాంగ్‌బోకు మంచి యూ కొయ్య సొంత గడ్డ మీద చాలలేదు. 1472లో అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసింది: వెనిస్ లాంటి చోట్ల నుంచి సరుకుతో వచ్చే ఓడ టన్నుకు నాలుగు విల్లు కర్రలు తేవాలి. 1484లో ఇంకో మెట్టు ఎక్కి, మామ్జీ ద్రాక్షసారా పీపా ఒక్కింటికి పది కర్రలు అన్నారు. తాగేవాడి మీద పన్ను వేసి కొట్టేవాడికి ఆయుధం ఇచ్చారన్నమాట. 1545లో మునిగిపోగా 1982లో పైకి తీసిన మేరీ రోజ్ యుద్ధనౌకలో 172 విల్లులు దొరికాయి, అన్నీ యూ కొయ్యవే. ఆ ఓడ మునిగిన ఏడాదే రోజర్ ఆస్కమ్ విలువిద్య మీద ‘టాక్సోఫిలస్’ అనే పుస్తకం అచ్చువేశాడు. బ్రెజిల్ కొయ్య, ఎల్మ్, యాష్ విల్లులకు అంతంతమాత్రమేననీ, యూనే అన్నిటికీ మించిందనీ అందులో తేల్చాడు. అంటే అప్పటికే ఎవరో ఎర్రటి పరదేశపు కొయ్యతో విల్లు చేయించి చూసుకున్నారు. అప్పట్లో విల్లు కర్ర ఒక్కటే కాబట్టి ఆ ఎంపికలో ప్రాణం ఉండేది. ఫైబర్‌గ్లాస్ వచ్చాక వంగే పని దానికి అప్పజెప్పేశాం, నడుమ కొయ్యను అలంకారానికి వదిలేశాం. 1960ల నాటి బేర్ విల్లుల్లో రోజ్‌వుడ్, బుబింగా, జీబ్రావుడ్, షెడూవా బారులు తీరడం అందువల్లే.

ఆ అలంకారానికి అడవి చెల్లించిన మూల్యం తర్వాత లెక్కకొచ్చింది. బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారాన్ని అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం 1992లో దాదాపు మూసేసింది. 2017 జనవరి 2 నుంచి మిగతా రోజ్‌వుడ్ జాతులన్నిటికీ, బుబింగాకూ పర్మిట్లు తప్పనిసరి చేసింది. గిటార్లవాళ్లు గగ్గోలు పెట్టాక, తయారైన వస్తువుల్లో ఆ కొయ్య ఒక రవాణాలో పది కిలోలు మించకపోతే ఫర్వాలేదని 2019లో సడలించారు. 2022లో పనామా సమావేశం ఆఫ్రికా పడౌక్‌నూ జాబితాలో చేర్చింది. వన్యప్రాణుల దొంగవ్యాపారాన్ని అడ్డుకునే తన లేసీ చట్టాన్ని అమెరికా 2008లో కొయ్య దాకా సాగదీసింది. మడగాస్కర్ ఎబొనీ దిగుమతి వ్యవహారంలో గిటార్ల సంస్థ గిబ్సన్ 2012లో ప్రభుత్వంతో రాజీపడి 3 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. ఇక్కడి బౌయర్లు చాలామంది ఏళ్ల క్రితం కొని ఆరబెట్టుకున్న దిమ్మెలతోనే నెట్టుకొస్తున్నారు. వాటి కాగితాలు అడిగితే కొందరు చూపిస్తారు, కొందరు నవ్వుతారు. నవ్వేవాళ్ల దగ్గర నేను కొనను.

ఈ గొడవంతా ఫోన్లో మా నాయనకు చెప్పాను. ఆయన ఉండేది రైల్వే కోడూరు పక్కన, ఇంటి వెనకనుంచి చూస్తే శేషాచలం కొండలు.

“ఏం రా, యాడాడి కొయ్యకో అంత డబ్బు పోస్తా ఉండావే, మన ఎర్రచందనం పెట్టించుకోరాదా?” అన్నాడు.

“పెట్టించుకుంటే నన్ను ఈడ లోపలేస్తారు, నిన్ను ఆడ లోపలేస్తారు నాయనా.”

“అంత బతుకు మనకొద్దులే సామీ” అని ఫోన్ అమ్మకిచ్చాడు.

వేళాకోళం పక్కన పెడితే ఆయన అడిగింది సరైన ప్రశ్నే. రైజర్‌కు కావలసిన గుణాలు చాలా ఎర్రచందనంలో ఉన్నాయి: బరువు, గట్టిదనం, ఎర్రటి చేవ. జపాన్‌లో షమిసెన్ వాద్యం మెడకు దాన్ని ఏరికోరి వాడతారు. 1995 నుంచీ సైటిస్ జాబితాలో ఉంది. ఆ కొండల్లో దాన్ని కాయడానికి ప్రత్యేక పోలీసు దళమే ఉంది. దుంగకు పలికే ధర ఎక్కడో కూర్చున్నవాడిది, దాన్ని భుజాన మోసి పట్టుబడేది కూలివాడు. ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు, మా ఊరి చుట్టుపక్కల అందరూ ఎరిగినదే. అలాంటి చెట్టు నీడన పెరిగినవాణ్ని, కామెరూన్ బుబింగానో పనామా కోకోబోలోనో మేళాబల్ల మీద చూసి అది ఏ కొండ నుంచి దిగిందో, ఎవరు మోసుంటారో అడగకుండా ఎలా ఉంటాను? మిచిగన్‌వాడికి మా కొండ చెట్టు అపురూపం. కామెరూన్‌లో బుబింగా ఎవరో ఒకరి పెరటి మాను.

నేను మాట్లాడుకున్న బౌయర్ ఓపికమంతుడు. నాకు కావలసిందేమిటో విడమరచి చెప్పమన్నాడు. బరువు కావాలి, గట్టి చేవ కావాలి, రంగు కావాలి. అయితే మా కంచెల దగ్గరికి రా అన్నాడు. ఆయన చూపించింది ఆసేజ్ ఆరెంజ్. పుట్టిల్లు టెక్సస్, ఓక్లహోమా, ఆర్కాన్సా సరిహద్దు ప్రాంతం. ముళ్ల చెట్టు కాబట్టి, 1874లో గ్లిడెన్ ముళ్లతీగకు పేటెంట్ తీసుకోకముందు రైతులు దాన్ని పశువుల కంచెగా మధ్య పశ్చిమమంతా నాటారు. గుంజగా పాతితే మట్టిలో ఏళ్లకేళ్లు పుచ్చదు. ఆసేజ్, కొమాంచీ జాతులవాళ్లు విల్లుకు కోరుకున్న కొయ్య ఇదే. అర లీటరు తూకం 430 గ్రాములు, బుబింగాకు పదిహేను గ్రాములు తక్కువ. కొత్తగా కోస్తే పసుపు కొమ్ము విరిచినట్టుంటుంది. ఎండకు మాగి తేనె రంగుకు, అక్కణ్నుంచి ముదురు గోధుమకు పోతుంది.

దానికే ఖాయం చేశాను. పూర్తిగా పత్యం పట్టానని చెప్పను. నడుమ ఒక సన్నటి పట్టీ రోజ్‌వుడ్ వేయమన్నాను. దక్షిణ భారతపు కొయ్య, ఏదో బల్ల చేయగా మిగిలిన ముక్క, కాగితం ఉన్నది. పసుపు మీద ఆ నల్లటి గీత లేకపోతే మనసొప్పలేదు. నార చూసుకుని కోస్తే ఆ పట్టీ బలానికి కూడా పనికొస్తుందని బౌయర్ నన్ను ఓదార్చాడు.

కంచె చెట్టు కదా, చౌకగా వస్తుందనుకున్నాను. బౌయర్ చెప్పిన ధర బుబింగాకు ఒక్క డాలరు కూడా తగ్గలేదు. బుబింగా మాను నిటారుగా, లావుగా పెరుగుతుంది, ఒక్క పలకలోంచి ఎన్ని రైజర్లయినా తీయొచ్చు. ఇది వంకర చెట్టు, కణుపు మీద కణుపు, ఆరేటప్పుడు నెర్రెలు. పగులు లేని రెండంగుళాల దిమ్మె ఒకటి రావాలంటే దుంగంతా కోసుకుంటూ పోవాలి, రంపం పళ్లు అరిగిపోతాయి. మిగిలింది పొయ్యిలోకి. “కావాలంటే ఇప్పుడైనా మేపుల్‌కు మారొచ్చు, వంద తగ్గిస్తాను” అన్నాడు. బయానా ఇచ్చి వచ్చాను.