వాడెవడు? – ‘కల్కి’ చిత్రమును గూర్చిన అభిమానుల యూహలు

2024 జూన్ 27వ తేదీన విడుదలయైన ‘కల్కి 2898 ఏ.డి.’ అను చలనచిత్రమును చూచి అభిమానులు పొందిన యుద్వేగమును, వారు చేసిన యూహలను పండితులు తేలికగా త్రోసివేయుట పరిపాటి. అది యుక్తము కాదని నా తలంపు. ఒక కృతిని జనులెట్లు గ్రహించిరో తెలిసికొనుటకు వారి పొగడ్తలకంటె వారు వేసికొనిన ప్రశ్నలే మేలైన యాధారములు. పురాణ శ్రవణమునకు కూర్చున్న శ్రోతలు పౌరాణికుని నడుమ నాపి యడిగిన సందేహములను ఎవరైన వ్రాసియుంచినచో భారతమునకు అదియొక చక్కని యనుబంధమై యుండెడిది. ఆ భాగ్యము మనకు లేదు. ఈ చిత్రము విషయమున మాత్రము ఆ సందేహములు వీధివీధిని వినవచ్చినవి.

చిత్రమునకు పేరు పెట్టకమునుపే యీ యూహలు మొదలైనవి. ‘ప్రాజెక్ట్ కె’ అను తాత్కాలిక నామముతో నిర్మాణము సాగుచున్నప్పుడు ఆ కకారము కర్ణుడా, కల్కియా, కాలచక్రమా యని వాదములు చెలరేగినవి. 2023 జూలైలో అమెరికాలోని శాన్‌డియాగో నగరమున అసలు పేరు బయల్పడినంతనే లెక్కలు కట్టుట ప్రారంభమైనది. కలియుగారంభము క్రీస్తుపూర్వము 3102 అని సంప్రదాయము. క్రీస్తుశకము 2898 నాటికి కలియందు ఆరువేలవ యేడు నడచుచుండును. కథానాయిక పేరు సుమతి యగుట చూచి, కల్కిపురాణమున కల్కి తల్లి పేరును అదియే యని గుర్తించినవారును కలరు. ఇంతవరకు మెచ్చదగినదే. కాని కలియుగ పరిమితి 4,32,000 సంవత్సరములని ఆ సంప్రదాయమే చెప్పుచున్నది. భాగవత ద్వాదశస్కంధము కల్కి జననమును కలి చివర చెప్పుచున్నది. ఆరువేల యేండ్లకే యవతారమెట్లు సంభవించునని యడిగినవారు నాకు తటస్థపడలేదు. వ్యాసుని సౌప్తికపర్వమున అశ్వత్థామకు కలిగిన శాపము మూడువేల యేండ్లు. చిత్రమున నది యించుమించు రెట్టింపైనది. దర్శకుడు నాగ్ అశ్విన్‌కు ఆ స్వాతంత్ర్యము లేదని నేననను. అభిమానుల దృష్టి యెచట నిలిచి యెచట జారినదో చూపుటయే నా యుద్దేశము.

ఆ దృష్టి నిలిచినది ఒక్క ప్రశ్నపైననే. ప్రభాస్ ధరించిన భైరవుడెవడు? కాశీలో డబ్బునకు మనుష్యులను పట్టియిచ్చువాడు, పదిలక్షల యూనిట్లు కూడబెట్టి ఆకాశమున వ్రేలాడు ‘కాంప్లెక్స్’లో చేరవలెనని తప్ప వేరొక యాశ లేనివాడు. అట్టివానియందు చిత్రాంతమున అమితాబ్ బచ్చన్ ధరించిన అశ్వత్థామ తన పూర్వమిత్రుడైన కర్ణుని గుర్తించును. కర్ణుడు అశ్వత్థామను ఆచార్యపుత్రా యని పిలిచిన క్షణమున హాళ్ళలో చెలరేగిన ఘోష సామాన్యమైనది కాదు. మొదటి సగము సాగదీయబడినదని విసిగినవారు సైతము ఆ పిలుపుతో సర్వమును క్షమించిరి.

ఆ ఘోష మన మొరసునాట మఱింత బిగ్గరగా వినబడుటకు కారణము కలదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగువారికి కర్ణుడొక్కడు కాడు. 1964లో బి.ఆర్. పంతులు తీసిన తమిళ ‘కర్ణన్’ చిత్రమున శివాజీ గణేశన్ ధరించిన కర్ణుడొకడు, 1977లో నందమూరి తారక రామారావు ‘దానవీరశూర కర్ణ’యందు కర్ణ దుర్యోధన కృష్ణపాత్రలు మూడును తానే ధరించి నిలిపిన కర్ణుడు రెండవవాడు, ఈ యిద్దఱికంటె పాతవాడు, తెరుక్కూత్తులో ‘కర్ణమోక్షము’ నాటి రాత్రి భార్యయైన పొన్నురువి వద్ద సెలవు తీసికొని యుద్ధమునకు పోవు కర్ణుడు మూడవవాడు. ద్రౌపదమ్మ గుడి ముందర తెల్లవార్లు ఆ యాటను చూచి కంటతడి పెట్టిన కుటుంబముల పిల్లలే యీ చిత్రమునకు ఈలలు వేసిరి. తెరపైకి వచ్చినది క్రొత్త పాత్ర కాదు. తమ యింటివాడు చాలకాలమునకు తిరిగివచ్చినట్లు వారికి తోచినది. నటుని యందలి యభిమానమొక్కటియే ఆ కన్నీటికి కారణమనువారు ఈ సీమ నెఱుగరు.

దీనిపై నాక్షేపమును బయలుదేరినది. 2025 జనవరిలో విజయవాడ చెంత జరిగిన సభయందు గీతరచయిత అనంత శ్రీరామ్ చిత్రమున కర్ణునకు తగనంత గౌరవ మీయబడినదని బహిరంగముగ విమర్శించెను. అభిమానులు కోపించిరి. మూలము చూచినచో ఇరువురికిని కొంత చిక్కు కలదు. ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ భాగముననే, ఘోషయాత్రయందు గంధర్వుల కోడి రణము విడిచిపోయినవాడు కర్ణుడు. ఆ భాగముననే, మోసమని యెఱిగియు ఇంద్రునకు కవచకుండలములు కోసి యిచ్చినవాడును కర్ణుడే. కవి యీ రెంటిని ఒకే పర్వమున నుంచి రెంటిలో దేనిని దాచలేదు. చిత్రము ఒకదానిని దాచినది. విమర్శకుడు రెండవదానిని తగ్గించెను. అయినను ఈ వివాదము వలన నొక మేలు కలిగినది. 2006 నాటి చట్టముచే తమిళము నిర్బంధ పాఠ్యమైన పిమ్మట బడిలో తెలుగక్షరములు నేర్వని బాలురు మనలో పెరుగుచున్నారు. వారు ఘోషయాత్రను గూర్చి తెలుగున వాదించుట విని నేను సంతసించితిని. తిక్కన కర్ణపర్వమును చదివింపుమని యడిగిన యిద్దఱు ముగ్గురు కూడ నుండిరి.

అయితే ప్రధానమైన చిక్కు వేరొకటి కలదు. ఈ యూహలన్నియు పూర్వజన్మమును గూర్చినవే. వాడెవడు? ఆమె యెవరి యంశ? కమల్ హాసన్ ధరించిన యాస్కిన్ కలిపురుషుడా? ఇది పురాణ శ్రోత ప్రశ్న. విజ్ఞాన కల్పన యడుగు ప్రశ్న వేరు: ఇట్లే సాగినచో మనమేమగుదుము? 1895లో వెల్సు తన కాలయంత్ర నవలయందు వేసినది అదియే. 1991లో సింగీతము శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ యందు బాలకృష్ణను 1526 నాటి రాయల కొలువునకును, 2504వ సంవత్సరమునకును పంపెను. మనవారి జ్ఞాపకమున నిలిచినది రాయల కొలువు. భూగర్భమున దాగి బ్రతుకు భావిమానవులను తలచుకొను వారరుదు. 2025 ఏప్రిలులో ఆ చిత్రము మరల విడుదలయైనప్పుడును వినబడినది రాయల మాటయే. ‘కల్కి’కి సింగీతమువారే మార్గదర్శకులుగ నుండుట చేత ఈ పోలిక యాదృచ్ఛికము కాదు.

‘కల్కి’యందలి కాశీలో గంగ యెండిపోయినది. ఉన్న నీరును, పచ్చదనమును పైనున్న కాంప్లెక్స్ తనకు లాగికొనినది. క్రిందివారు దుమ్ములో బ్రతుకుదురు. చిత్రమున నాకు మిక్కిలి నచ్చిన కల్పన యిదియే. కథ దీనిని త్వరలో విడిచి యుద్ధములలో పడుట దాని పెద్దలోపము. కెలవరపల్లివారు దీనిని చూచి యులికిపడవలసినది. మన యానకట్ట పూర్తిమట్టము 44.28 అడుగులు. అందులోనికి వచ్చు దక్షిణపినాకిని బెంగుళూరు వర్తూరు, బెల్లందూరు చెరువుల పారుదలను, నగరపు మురుగును మోసికొని వచ్చును. వరద వచ్చి తూములెత్తినప్పుడెల్ల కొండలవలె తెల్లని నురుగు లేచి గాలికి పొలములపై పడుట పలుమార్లు పత్రికలలో వచ్చినది. పైనున్న నగరము, క్రిందనున్న యూరు, నడుమ చెడిన నది. ఇంతటి పోలిక కన్నులయెదుట నుండగా, దానిని గూర్చి యొక్క యూహయైన చేసినవారిని నేను వినలేదు. కర్ణుని గుర్తించిన కన్నులు నదిని గుర్తింపలేదు.

ఇప్పుడు రెండవ భాగమును గూర్చిన యూహలు సాగుచున్నవి. 2025 సెప్టెంబరులో దీపికా పదుకొణె అందు నటింపదని వైజయంతీ సంస్థ ప్రకటించిన నాటినుండి సుమతి యెవరగుదురన్న చర్చయే యెక్కడ చూచినను. యాస్కిన్‌ను భైరవుడు గెలుచునా, అశ్వత్థామ గెలుచునా యని మఱికొందఱు పందెములు కాయుచున్నారు. కాశీలో గంగ మరల పారునా, పారినచో ఆ నీరు త్రాగదగియుండునా యని మాత్రము ఇంతవరకు ఎవరును పందెము కాయలేదు.