ఊహించే భాషలో తేదీల లెక్క

మన దగ్గర ఏ దరఖాస్తులోనైనా 05/06/2024 అని కనిపిస్తే అది జూన్ 5. అదే వరుసను పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలోని స్ట్రటోటైమ్ ఫంక్షన్‌కి ఇవ్వండి, మే 6 అంటుంది. ఏటవాలు గీతలు కనబడితే దానికి అమెరికా పద్ధతే, నెల ముందు. అడ్డగీతలు పెట్టి 05-06-2024 అని ఇస్తే బుద్ధిగా మన దారికొచ్చి జూన్ 5 అంటుంది. 25/06/2024 ఇచ్చినప్పుడే, ఇరవై అయిదో నెల లేదు కాబట్టి, చేతులెత్తేస్తుంది. అంటే ప్రతి నెలా మొదటి పన్నెండు రోజులూ తప్పు నోరు మెదపదు. పదమూడో తేదీన బయటపడుతుంది.

ఈ ఊహించే గుణం పీహెచ్‌పీకి పుట్టుకతో వచ్చింది. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ దీన్ని విడుదల చేసినప్పుడు ఇది సొంత వెబ్ పేజీ కోసం చేసుకున్న పనిముట్ల మూట మాత్రమే. వెబ్ ఫారంలో వయసు నింపినా, ధర నింపినా, తేదీ నింపినా సర్వర్‌కి చేరేది స్ట్రింగే, అంటే ఉత్త అక్షరాల వరుస. అందుకే "10" అనే స్ట్రింగ్‌కి 5 కలిపితే మారు అడగకుండా 15 చేతిలో పెడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంత సుఖం మరెక్కడ?

ఆ సుఖానికి అద్దె కట్టాల్సిందే. పిల్లలెందరు అన్న గడిలో 0 నింపితే, ఎంప్టీ ఫంక్షన్ ఆ గడి ఖాళీ అని తేల్చేస్తుంది. 2020లో ఎనిమిదో వెర్షన్ వచ్చేదాకా, రెండు సమాన గుర్తులతో పోలిస్తే "హైదరాబాద్" అనే మాటా సున్నా ఒకటే! మూడు సమాన గుర్తులు పెడితే విలువతో పాటు టైప్, అంటే అది ఏ రకం విలువో కూడా చూస్తుంది. 2015 నాటి ఏడో వెర్షన్ ఇంకో ఆయుధం ఇచ్చింది. ఫైలు పైన స్ట్రిక్ట్ టైప్స్ అని ప్రకటిస్తే, ఇంటిజర్, అంటే పూర్ణాంకం అడిగిన ఫంక్షన్‌కి ఆ ఫైలు నుంచి స్ట్రింగ్ పంపినప్పుడు పని ఆపేసి తప్పు చూపిస్తుంది. అంకెలున్నవన్నీ సంఖ్యలు కావన్నదీ గుర్తుండాలి. బ్యాంకు ఖాతా నంబరును ఇంటిజర్ చేస్తే ముందున్న సున్నాలు రాలిపోతాయి.

తేదీ విషయంలో నేను నమ్మే పద్ధతి ఒకటే: గుమ్మం దగ్గరే స్ట్రింగ్‌ను తేదీ టైప్‌లోకి మార్చాలి, లోపలంతా అలాగే తిరగాలి, తెర మీద చూపించేటప్పుడే మళ్లీ అక్షరాలు కావాలి. క్రియేట్ ఫ్రమ్ ఫార్మాట్ అనే మెథడ్‌కి రోజు, నెల, ఏడు ఏ వరుసలో వస్తాయో మనమే చెబుతాం, ఇక ఊహకు తావులేదు. ఫార్మాట్ మొదట్లో ఆశ్చర్యార్థకం పెట్టకపోతే ఆ క్షణపు గడియారం సమయం కూడా అంటుకుంటుంది. అయినా ఈ మెథడ్ కూడా ఫిబ్రవరి 31ని కాదనకుండా మార్చిలోకి తోసేస్తుంది. అందుకే అలాంటి తేదీ అసలుందా అని ముందు చెక్‌డేట్ ఫంక్షన్‌ను అడగాలి.

2006లో 5.2 వెర్షన్‌తో వచ్చిన డేట్‌టైమ్ అనే తేదీ టైప్‌లో మరో చిక్కుంది. అప్పు తేదీకి నెల కలిపి గడువు తేదీ చేయబోతే అప్పు తేదీయే మారిపోతుంది. 2013లో, 5.5తో వచ్చిన డేట్‌టైమ్ ఇమ్మ్యూటబుల్ పాతదాన్ని ముట్టుకోకుండా కొత్త తేదీ ఇస్తుంది. ఇప్పుడు మొదటిదాన్ని వాడటానికి నాకు కారణం కనబడదు. అయితే 2024 జనవరి 31కి ఒక నెల కలిపితే రెండూ మార్చి 2 అనే చెబుతాయి. ఫిబ్రవరిలో ఉన్నవి 29 రోజులే కాబట్టి మిగిలిన రెండు రోజులూ ముందుకు జరిగాయి. వాయిదా నెలాఖరుకే పడాలంటే "వచ్చే నెల చివరి రోజు" అని ఇంగ్లిషు మాటల్లోనే రాయొచ్చు, అర్థం చేసుకుంటుంది. ఏది కావాలో తేల్చాల్సింది మాత్రం వ్యాపారం చేసేవారు.

ఇక సమయ మండలం. ఏదీ చెప్పకపోతే పీహెచ్‌పీ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తుంది. మనకంటే అయిదున్నర గంటలు వెనక. మనకు అర్ధరాత్రి దాటాక తెల్లవారుజామున అయిదున్నర దాకా దాని లెక్కలో ఇంకా నిన్నే. ఆ వేళ వచ్చిన ఆర్డర్లన్నీ నిన్నటి ఖాతాలో పడతాయి. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేవారు మొదటిరోజే సెట్టింగుల్లో ఆసియా/కోల్‌కతా రాసిపెట్టండి. ఏడాది తర్వాత గుర్తొస్తే, అప్పటికే డేటాబేస్‌లో చేరిన సమయాలన్నిటినీ కూర్చుని సరిచేయాల్సి వస్తుంది.