లఘుచిత్రం – ప్రేక్షకాన్వేషణ: సూళ్లూరుపేట ఒక ఉదాహరణ

ఉపోద్ఘాతం

తెలుగు లఘుచిత్రాన్ని గురించిన చర్చ చాలావరకు నిర్మాణం చుట్టూనే తిరుగుతున్నది. ఎవరు తీశారు, ఎంత తక్కువ ఖర్చుతో తీశారు, తరువాత ఏ పెద్ద చిత్రానికి దర్శకులయ్యారు అన్నవే అందులోని ప్రధాన ప్రశ్నలు. ఆ చిత్రాన్ని ఎవరు, ఎక్కడ, ఎవరితో కలిసి చూశారన్న ప్రశ్న వెనుకబడింది. దీనివల్ల ఒక ప్రక్రియగా లఘుచిత్రానికి కలుగుతున్న నష్టాన్ని సూళ్లూరుపేట నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెర – నిచ్చెన

106 అడుగుల వెడల్పు తెర గల వి ఎపిక్ థియేటర్ సూళ్లూరుపేటలో 2019 ఆగస్టులో ‘సాహో’ ప్రదర్శనతో మొదలైంది. ఆ చిత్ర దర్శకులు సుజీత్ లఘుచిత్రాలతోనే రంగంలో అడుగుపెట్టినవారు. తరుణ్ భాస్కర్ ‘సైన్మా’ అనే లఘుచిత్రం తరువాత ‘పెళ్ళిచూపులు’ (2016) తీశారు. ఇటువంటి ప్రస్థానాలను విజయగాథలుగా చెప్పుకోవడం పరిపాటి. అయితే ఈ కథనంలో లఘుచిత్రం పైకెక్కడానికి ఉపయోగపడే నిచ్చెన మాత్రమే. దర్శకుడు పెద్ద తెరను చేరుకున్నాడు. అతని లఘుచిత్రం చేరుకోలేదు.

కథానిక నేర్పే పాఠం

కథానిక చరిత్ర ఇందుకు భిన్నమైనది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వెలువడింది. ఆనాటి నుండి కథానికను పత్రికలే పాఠకుల ఇంటికి చేర్చాయి. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కు 1952 ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి లభించినప్పుడు, ఆ గౌరవాన్ని తమదిగా భావించగల పాఠకలోకం తెలుగులో అప్పటికే ఉన్నది. కథకుడు నవల రాయకపోతే అతని కృషి అసంపూర్ణమని ఎవరూ అనలేదు. లఘుచిత్రానికి బహుమతులున్నాయి, పత్రిక వంటి నిలకడైన వేదిక లేదు.

ఉత్సవం – పరిమితులు

ఆ లోటును చలనచిత్రోత్సవాలు కొంత పూరించాయి. జర్మనీలోని ఓబర్‌హౌసెన్ ఉత్సవం 1954లోను, డాక్యుమెంటరీలకు, లఘుచిత్రాలకు ఉద్దేశించిన ముంబయి ఉత్సవం 1990లోను ఆరంభమయ్యాయి. విడివిడి చిత్రాలను ఒక కార్యక్రమంగా కూర్చడం, ప్రదర్శనానంతరం చర్చ జరపడం ఉత్సవాల ముఖ్యమైన సేవ. అయితే కొన్ని ఉత్సవాలు అంతకుముందు బహిరంగంగా ప్రదర్శించని చిత్రాలనే కోరుతాయి. యూట్యూబ్‌లో పెడితే అక్కడ అర్హత పోతుంది. దాచి ఉంచితే తెలుగు ప్రేక్షకులు దూరమవుతారు. పోటీకి వచ్చినవారే ప్రేక్షకులైన చోట ఉత్సవం కూడా రంగప్రవేశానికి మరో మెట్టుగానే మిగులుతుంది.

నిర్బంధం పరిష్కారం కాదు. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ చిత్రాలను ప్రధాన చిత్రంతో పాటు ప్రదర్శించడం థియేటర్లకు తప్పనిసరిగా ఉండేది. దానివల్ల చిన్న చిత్రానికి తెర దొరికింది గాని, దానికోసమే వచ్చే ప్రేక్షకులు ఏర్పడలేదు.

జనం ఉన్న చోటికి

ఈ సందర్భంలో సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్ గమనార్హం. 2001లో మొదలైన ఈ ఉత్సవానికి పులికాట్ సరస్సులోని రాజహంసలను, నేలపట్టులోని గూడబాతులను చూడడానికి జనం తరలివస్తారు. ఆ రోజుల్లో సాయంవేళ ఒక చీకటి గదిలో గంటన్నర కార్యక్రమంగా, సరస్సు, వలస, చేపలవేట, తీరప్రాంతపు మాట వంటి అంశాల చుట్టూ కూర్చిన లఘుచిత్రాలను ప్రదర్శించవచ్చు. ఆ నేల మీది జీవితాన్ని ఎరిగినవారే అక్కడ ప్రేక్షకులు కాబట్టి, చిత్రంలోని యాసకు, పనిపాటల చిత్రణకు వారే తొలి విమర్శకులవుతారు. అయితే తిరునాళ్ల సందడి లఘుచిత్రం కోరే ఏకాగ్రతకు విరుద్ధం. అందుచేత మైదానంలోని వేదిక దీనికి చాలదు. ప్రత్యేకమైన గది, ఎంపిక చేసే బాధ్యుడు, ప్రదర్శనానంతర చర్చ అవసరం. చూడాలో వద్దో నిర్ణయించుకునే స్వేచ్ఛ ప్రేక్షకులకు ఉండాలి.

ముగింపు

లఘుచిత్రోత్సవపు విలువను వచ్చిన దరఖాస్తుల సంఖ్యతోనో, అక్కడి నుండి ఎదిగిన దర్శకులతోనో కొలవడం చాలదు. పోటీలో చిత్రం లేనివారు ఎందరు వచ్చారు, మరుసటి ఏడు ఎందరు తిరిగి వచ్చారు అన్నవి అంతకంటే సరైన కొలమానాలు. తెలుగు విమర్శ కూడా లఘుచిత్రాన్ని దర్శకుని భవిష్యత్తుకు సూచనగా కాక, తనంత తానుగా నిలిచే రచనగా చదివినప్పుడే ఆ ప్రక్రియకు కథానికతో సమానమైన ప్రతిపత్తి లభిస్తుంది.