కల్లక్కుడి రాతిలో పగడాల పనితనం

మదురైలో తిరుమల నాయకుడి మహలు చూసిన తెలుగువాళ్ళు ఆ స్తంభాల నునుపును మరిచిపోలేరు. 1636 నాటి ఆ మెరుపంతా గచ్చుపని, గుల్లసున్నం చలవ. ఆ నాయకరాజులకే కొంతకాలం రాజధానిగా ఉన్న తిరుచ్చి నుంచి చిదంబరం వెళ్ళే దారిలో కల్లక్కుడి వస్తుంది. అక్కడి సున్నపురాతి గనుల్లో సముద్రజీవులే కట్టిన కట్టడం ఉంది. దాని వయసు 10 కోట్ల ఏళ్ళకు పైమాటే.

గోండ్వానా మహాఖండం చీలి మన తూర్పు అంచు అంటార్కిటికాకు దూరమయ్యాక, కుంగిన కావేరి ప్రాంతంలోకి సముద్రం వచ్చింది. తీరం వెంబడి నీళ్ళు వెచ్చన, లోతు తక్కువ, ఎండ అడుగుదాకా దిగేది. పగడాలు దిబ్బ కట్టడానికి అనువైన చోటు.

అక్కడి రాతిముక్క ఒకదాన్ని తడిపి భూతద్దంతో చూడండి. ఒక్కో పగడపు గదిలో అంచు నుంచి నడిమికి సన్నని పలకలు, బండిచక్రం ఆకుల్లా తీరుగా ఉంటాయి. నాకు అంతకన్నా నచ్చేది నాచు చేసిన పని. సున్నం పట్టే ఎర్రనాచు పొర మీద పొరగా పాకి, విరిగిన పగడాలనూ గుల్లలనూ కదలకుండా బిగించింది. మిగిలిన సందుల్లో సున్నపు బురద చేరింది, ఆపైన స్ఫటికాలు పేరుకున్నాయి. పగడాల అసలు పదార్థమైన అరగొనైట్ కాలక్రమంలో కాల్సైట్‌గా మారినా రూపం నిలిచిందంటే ఆ బిగింపు ఎంత గట్టిదో చూడండి!

దిబ్బ ఎలా ఆగిపోయిందో పై పొరలే చెబుతాయి. సముద్రం లోతెక్కింది, బంకమన్ను కమ్మింది. వెలుతురు అందకపోతే ఇలాంటి దిబ్బలు కట్టే పగడాలు బతకవు.

కోయంబత్తూరు తెలుగువాళ్ళకు బాగా తెలిసిన మదుక్కరై సున్నపురాయిలో మాత్రం పగడాల కోసం వెతికి లాభం లేదు. అది పగడాలు పుట్టకముందటి రాయి. పైగా భూగర్భపు వేడికీ ఒత్తిడికీ మొత్తం స్ఫటికంగా మారిపోయింది.

కల్లక్కుడి పొరల గురించి భూగర్భ శాస్త్రజ్ఞుడు బ్లాన్‌ఫర్డ్ 1862లోనే రాశాడు. ఈ ప్రాంతపు శిలాజాలను శిలాజ శాస్త్రజ్ఞుడు స్టోలిచ్కా ఒక్కొక్కటిగా వర్ణించాడు. 1939 నుంచి ఇక్కడ సిమెంటు తయారవుతోంది. 1,450 డిగ్రీల బట్టీలో పడ్డాక ఏ పగడపు గదీ మిగలదు. సిమెంటు మనకు కావలసిందే, కాదనను. కానీ దిబ్బ స్పష్టంగా కనబడే ఒక్క గనిగోడనైనా తవ్వకుండా ఉంచాలి. శ్రీరంగం వెళ్ళే మనవాళ్ళు అరియలూరు దగ్గర వారణవాసిలోని శిలాజాల మ్యూజియాన్ని కూడా పిల్లలకు చూపించండి.