ఎప్పుడూ ఇద్దరే

సికింద్రాబాద్‌కు మిషనరీలు కొత్త కాదు. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ దండు ఊళ్లో పటాలం వెంటే చర్చీలూ వెలిశాయి. 1813లో సెయింట్ జాన్స్, 1847లో బొల్లారం హోలీ ట్రినిటీ, 1850లో సెయింట్ మేరీస్. 1895లో వచ్చిన వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ మెదక్ వెళ్లి దశాబ్దాల తరబడి అక్కడే ఉండిపోయాడు. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ కెథడ్రల్ ఆయన కట్టించిందే. మిషనరీ అనగానే మన మనసులో మెదిలేది ఈ బొమ్మే: తల నెరిసిన దొర, పక్కనే బడి, ఆ వెనక ఆసుపత్రి.

ఇక్కడ చెప్పబోయే మిషనరీలకు తల నెరవలేదు, కొందరికి మీసమే సరిగ్గా రాలేదు. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుపట్టీ. మారేడుపల్లి బస్టాపులోనో చిలకలగూడ మలుపులోనో ఇద్దరేసి కనబడతారు. ఇరవై ఏళ్ల కుర్రాడి పేరు ముందు ‘ఎల్డర్’ అని ఉంటుంది. లోకం వీళ్లను మోర్మన్లు అంటుంది. ఆ ముద్దుపేరు వద్దు, పూర్తి పేరే వాడండని 2018లో వాళ్ల అప్పటి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ గట్టిగా చెప్పాడు. ఆ పూర్తి పేరు ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము’. దాన్ని గేటు దగ్గర నిలబడి ఒక్క గుక్కలో చెప్పగలిగినవాడికి సగం శిక్షణ పూర్తయినట్టే.

ప్రపంచమంతటా 70 వేలకు పైగా ఉన్న ఈ మిషనరీలకు జీతం లేదు. అబ్బాయిలు రెండేళ్లు, అమ్మాయిలు ఏడాదిన్నర తమ ఖర్చుతోనో కుటుంబం, సంఘం చేయూతతోనో పనిచేసి ఇంటికి వెళ్లిపోతారు. అమెరికా కుటుంబాలు ఇందుకు నెలకు కట్టే సొమ్ము 2020లో 400 డాలర్ల నుంచి 500కు పెరిగింది. ఏ ఊరికి పంపాలో సంఘమే నిర్ణయిస్తుంది. నాకు ఫలానా దేశం కావాలని అడిగే వీల్లేదు.

ఈ సంప్రదాయం మన దేశంలో మొదటిసారి ఘోరంగా దెబ్బతింది. అమెరికాలో వీళ్ల సంఘానికి కేంద్రమైన యూటా నుంచి బయల్దేరిన పదముగ్గురు ఎల్డర్లు 1853లో కలకత్తాలో దిగారు. వాళ్లలో రిచర్డ్ బాలంటైన్ మద్రాసుకు వచ్చాడు. యూటాలో తొలి ఆదివారపు బడి పెట్టినవాడతను. చేతిలో పైసా లేకుండా తిరుగుతూ వినేవాళ్లు పెట్టింది తిని బోధించాలన్నది అప్పటి పద్ధతి. అమెరికా పల్లెల్లో చెల్లిన ఆ పద్ధతి ఇక్కడి తెల్లవాళ్ల బంగళాల దగ్గర చెల్లలేదు. డబ్బులేని తెల్లవాణ్ణి తోటి తెల్లవాళ్లే బిచ్చగాణ్ణి చూసినట్టు చూశారు. పుణె కంటోన్మెంటులో ఈ సంఘానికే చెందిన మరో మిషనరీ హ్యూ ఫిండ్లేను బోధించనివ్వకుండా సైనికాధికారులు అడ్డుపడ్డారు. బహుభార్యాత్వం మా మతాచారమేనని 1852లో యూటాలో సంఘం బహిరంగంగా ప్రకటించడంతో ఉన్న కాస్త ఆదరణా పోయింది. 1856 నాటికి వచ్చినవాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. పటాలాల చుట్టూ, ఇంగ్లిషువాళ్ల చుట్టూ తిరిగారే గాని స్థానికుల ఇళ్లలోకి దారి వాళ్లకు దొరకలేదు.

నూట పాతికేళ్ల తర్వాత ఆ దారి చూపించింది ఒక తెలుగు జంట. ఉద్యోగరీత్యా సమోవా దీవుల్లో ఉంటూ అక్కడే ఈ సంఘంలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజులు 1978 డిసెంబరులో హైదరాబాద్ వచ్చారు. వీధుల్లో కరపత్రాలు పంచలేదు. అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్లతో కూర్చుని మాట్లాడారు. ఆ కొద్ది రోజుల్లోనే బంధువుల్లో ఇరవైమందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కుటుంబంలోని పెద్దాయన, బాప్టిస్టు పాస్టరు పి. శ్రీనివాసం చేతనే ఈ సంఘం పవిత్ర గ్రంథమైన ‘మోర్మన్ గ్రంథం’ తెలుగు చేయించారు. దానిలోని ఎంపిక చేసిన భాగాలు 1982లో అచ్చయ్యాయి. ఆ తర్వాత 1993లో బెంగళూరు కేంద్రంగా ఇండియా మిషన్ ఏర్పడింది. పంజాబులో పుట్టి అమెరికాలో స్థిరపడిన గురుచరణ్ సింగ్ గిల్ దానికి తొలి అధ్యక్షుడు. 2012 మే 27న దేశంలోనే తొలి ‘స్టేక్’, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం, హైదరాబాద్‌లో ఏర్పడింది. బెంగళూరులో కాదు, ఢిల్లీలో కాదు, మన దగ్గర! బాలంటైన్ సాధించలేనిది ధర్మరాజులు సాధించారంటే, వాళ్ల బోధ గొప్పదని కాదు. మనవాళ్లు కొత్త మాట ఏదైనా చుట్టాల నోటి నుంచి వస్తేనే వింటారు.

ఇప్పటికీ సికింద్రాబాద్‌లో వీళ్ల పని నడిచేది ఆ దారిలోనే. అమెరికాలో ఈ మిషనరీలు తలుపులు తట్టడంలో సిద్ధహస్తులు. వాళ్ల మీద అక్కడ జోకులన్నీ తలుపు చుట్టూనే తిరుగుతాయి. మన దేశంలో ఇంటింటికీ తిరిగే ఆ పని పెట్టుకోలేదు. సంఘంలోని వాళ్లు తమ బావమరిదికో, పక్క పోర్షన్ వాళ్లకో పరిచయం చేస్తే, వాళ్లు రమ్మంటే వెళ్తారు. దీని వెనక చట్టం భయం కూడా ఉందనుకోండి. విదేశీయుడు మతబోధకు రావాలంటే మిషనరీ వీసా తప్పనిసరి, టూరిస్టు వీసా మీద వచ్చి బోధిస్తే వెనక్కి పంపేస్తారు. అందుకే ఇప్పుడు ఇక్కడ కనిపించే ఎల్డర్లలో ఎక్కువమంది భారతీయులే. విశాఖ కుర్రాడికి తమిళనాడు, తమిళ కుర్రాడికి తెలంగాణ. పాస్‌పోర్టు అక్కర్లేదన్న మాటే గాని, భాష తెలియని ఊళ్లో ఇడ్లీ ప్లేటు ఆర్డర్ చేయడం దగ్గర్నుంచి అన్నీ పరదేశపు పాట్లే.

ఇక రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. పొద్దున్న ఆరున్నరకు లేవాలి. అరగంట వ్యాయామం, స్నానం, టిఫిను, గంటసేపు సొంత చదువు, తర్వాత జోడీతో కలిసి చదువు, ఆపైన భాష. అన్నీ అయ్యాక బయటికి. మన ఊళ్లో పగటిపూట ఇళ్లలో మగవాళ్లు ఉండరు కాబట్టి అసలు పనంతా సాయంత్రం ఆరు తర్వాతే. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా గదికి చేరి, మర్నాడు ఎవరిని కలవాలో రాసుకుని, పదిన్నరకు దీపం ఆర్పేయాలి. సినిమాలు లేవు, ప్రేమలు లేవు. వారానికి ఒక రోజు ‘పి-డే’, అంటే ప్రిపరేషన్ డే. ఆ రోజు బట్టలు ఉతుక్కోవడం, మోండా మార్కెట్లో కూరగాయలు బేరమాడటం, ఇంటికి ఉత్తరం రాయడం. 2019 దాకా ఇంటికి ఫోన్ చేయాలంటే ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కూ మాతృదినానికీ. ఇప్పుడు వారానికోసారి మాట్లాడొచ్చు. ఆ మార్పుతో కొడుకుల కంటే తల్లులే ఎక్కువ ఊపిరి పీల్చుకుని ఉంటారు.

ఈ నియమాలన్నిటికీ మూలస్తంభం జోడీ. కంపానియన్ అంటారు. స్నానంలాంటివి తప్ప మిగతా వేళంతా ఒకరికొకరు కనిపించేంత దూరంలోనే ఉండాలి. జోడీని మనం ఎంచుకోలేం. సుమారు ఆరు వారాలకోసారి వచ్చే ‘ట్రాన్స్‌ఫర్’ కబురే ఎవరు ఎవరితో ఉండాలో, ఏ ఊళ్లో ఉండాలో చెబుతుంది. గుర్రు పెట్టేవాడు, ఇంగువ వాసన పడనివాడు, ప్రతిదానికీ అలిగేవాడు, ఎవడు వచ్చినా సర్దుకోవాల్సిందే. పెళ్లయిన కొత్తలో కూడా ఇంత కట్టుబాటు ఉండదు. పాత మిషనరీలను కదిపితే బోధ కష్టాలు కాదు, జోడీ కష్టాలు చెబుతారు. జోడీ వల్ల ఆపద తక్కువ, తప్పటడుగు తక్కువ, నిందకు తావు తక్కువ. ఇంట్లో ఆడమనిషి ఒక్కతే ఉంటే అబ్బాయిలు లోపలికి వెళ్లరు. ‘లోపలికి రండి బాబూ’ అని ఆవిడ పిలుస్తున్నా, ‘అన్నయ్య వచ్చాక వస్తామక్కా’ అని గేటు బయటే నిలబడిపోతారు. ఈ ఒక్క పట్టింపు మన కాలనీల్లో వాళ్లకు తెచ్చిపెట్టిన మర్యాద ఏ పుస్తకమూ తేలేదు. అమ్మాయి మిషనరీలకు ఈ చిక్కు లేదు. వాళ్లు నేరుగా వంటింటి గుమ్మం దాకా వెళ్తారు. చిక్కుళ్లు తుంచుతూ మాట్లాడుకునే ఆ అరగంట, సోఫాలో కూర్చుని చెప్పే పాఠం కంటే బలమైనదని నా లెక్క.

అసలు పరీక్ష లోపలికి వెళ్లాక మొదలవుతుంది. 1833 నాటి వాళ్ల ఆరోగ్య నియమం ప్రకారం టీ, కాఫీ, మద్యం, పొగాకు నిషిద్ధం. మద్యం, పొగాకు సరే, ఏ తెలుగు తల్లయినా మెచ్చుకుంటుంది. కానీ టీ! స్టేషన్ ఎదుట ఆల్ఫా హోటల్లో తెల్లవారకముందే ఇరానీ చాయ్ కోసం జనం మూగే ఊరు ఇది. ఇంటికొచ్చినవాడికి చాయ్ ఇవ్వకపోతే అవమానం, ఇచ్చింది తాగకపోతే అంతకంటే పెద్ద అవమానం. ‘వద్దండీ’ అంటే మొహమాటం అనుకుంటారు. రెండోసారి ‘వద్దండీ’ అంటే పంచదార ఎక్కువైందేమోనని తక్కువ వేసి తెస్తారు. ‘మా సంఘంలో టీ తాగరండీ’ అంటే, ‘ఏం, టీలో ఏముంది? ఏసుప్రభువు వద్దన్నాడా?’ అని తాతగారు వాదనకు దిగుతారు. అనుభవం ఉన్న ఎల్డరు గుమ్మం ఎక్కుతూనే ‘అమ్మా, కాసిని మంచినీళ్లు ఇస్తారా’ అని తనే అడుగుతాడు. ఇంటావిడకు అతిథి మర్యాద చేసిన తృప్తి, ఇతనికి నియమం దక్కిన ఊరట. ఏ శిక్షణ పుస్తకంలోనూ లేని ఈ కిటుకును పాత జోడీ కొత్త జోడీకి నేర్పుతుంది. అన్నం దగ్గర మాత్రం కిటుకులు లేవు. ‘ఇంకొంచెం’ అన్న మాటకు లొంగని మిషనరీ ఇంతవరకు పుట్టలేదు.

బోధ పద్ధతీ మారుతూ వచ్చింది. ఒకప్పుడు పాఠాలను బట్టీపట్టి వరుసగా అప్పజెప్పేవారు. 2004లో వచ్చిన కొత్త మార్గదర్శి, సొంత మాటల్లో, ఎదుటివాడి అవసరాన్ని బట్టి చెప్పమంది. ముందు ప్రశ్న అడగాలి, తర్వాత వినాలి, తక్కువ చెప్పాలి, చివర్లో ఒక చిన్న పని అప్పగించాలి: ఈ రెండు పేజీలు చదవండి, ఆదివారం రండి. మళ్లీ వెళ్లినప్పుడు ఆ పని అయిందా అని అడగాలి. నమ్మకాల సంగతి పక్కన పెడితే, ఇది మంచి ఉపాధ్యాయుడి పద్ధతి.

అయితే తెలుగు క్రైస్తవులున్న వీధుల్లో వీళ్లకు ఎదురయ్యేది శ్రోతలు కాదు, పండితులు. మా అమ్మమ్మ బాప్టిస్టు, మా నాన్న సి.ఎస్.ఐ., మీదే సంఘం, మీ పాస్టరు గారెవరు అన్నది మొదటి ప్రశ్న. వీళ్ల సంఘంలో జీతం తీసుకునే పాస్టరు ఉండడు. బ్యాంకు ఉద్యోగో లెక్చరరో ఆదివారం ఆ బాధ్యత మోస్తాడు. ప్రార్థన మెల్లగా, పాట ఇంకా మెల్లగా. తబలా, తాళాలు, కన్నీళ్ల సాక్ష్యాలకు అలవాటైనవాళ్లకు అది చప్పగా ఉంటుంది. పైగా బైబిలు పక్కన మరో గ్రంథం పెట్టినవాళ్లను క్రైస్తవులుగా ఒప్పుకోని సంఘాలే ఎక్కువ. అందుకే దేశం మొత్తం మీద వీళ్ల సభ్యులు పదిహేను వేల దాపుల్లోనే ఉన్నారు.

హిందూ ఇళ్లలో చిక్కు వేరే. ‘మీ దేవుడూ మంచివాడే నాయనా’ అని ఏసు పటాన్ని వెంకటేశ్వరస్వామి పక్కన పెట్టేస్తే పాఠం అక్కడితో అయిపోతుంది. మత మార్పిడి మీద ఊళ్లో ఉన్న అనుమానమూ చిన్నది కాదు, దాన్ని ఊరికే కొట్టిపారేయలేం. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది. ఆ హక్కులో మరొకరి మతం మార్పించే హక్కు లేదని 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెంటి మధ్య ఉన్న సన్నటి గట్టు మీద నడవాలి కాబట్టి, పిలిస్తేనే వెళ్లే పద్ధతి వీళ్లకూ మంచిది, మనకూ మంచిది.

ఈ పద్ధతికి వెల ఉంది. డిగ్రీ మధ్యలో ఆపి వెళ్లిన కుర్రాడు తిరిగొచ్చేసరికి తోటివాళ్లు ఉద్యోగాల్లో ఉంటారు. ‘రెండేళ్లు ఏం చేశావ్’ అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలో తెలియదు. దిగులుతో మధ్యలోనే ఇంటికి వచ్చేసిన పిల్లల్ని సంఘంలోని వాళ్లే అదోలా చూడటం ఉంది. ఎంతమందిని కలిశావు, ఎంతమందికి చెప్పావు అని వారం వారం లెక్క రాయించే పద్ధతి ఇరవై ఏళ్లవాడి చేత మనుషుల్ని అంకెలుగా చూపిస్తుంది. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చనిది అదే.

నచ్చినవి కూడా ఉన్నాయి. ఇల్లు వదిలి, పరాయి భాషలో తప్పులు మాట్లాడి నవ్వించి, రోజుకు పదిసార్లు కాదనిపించుకుని మర్నాడు ఆరున్నరకు మళ్లీ లేవగలగడం ఏ కాలేజీ నేర్పని చదువు. ‘నువ్వు’కూ ‘మీరు’కూ తేడా తెలియక ముసలాయన్ని నువ్వనేసి నాలుక్కరుచుకున్న తమిళ కుర్రాడు ఏడాది తిరిగేసరికి ‘ఏమండీ, నడుం నొప్పి ఎలా ఉంది?’ అని పలకరించే స్థితికి వస్తాడు. మన ఊళ్లో ఉంటూ మన భాష నేర్చుకోని వేలమందితో పోలిస్తే అది చిన్న విషయం కాదు.

వాళ్లకు మన దగ్గర అంతుపట్టనిది ఇంకొకటి ఉంది. మనం కాదనం. ‘చూద్దాం’ అంటాం, ‘వచ్చేవారం కనబడండి’ అంటాం. అది ‘వద్దు’ అని మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. వచ్చేవారం రెండు బస్సులు మారి, ఎండలో టై కట్టుకుని మరీ వస్తారు. మీ చుట్టం మాట మీద ఆ ఇద్దరూ మీ గుమ్మానికి వస్తే, వినాలనిపిస్తే వినండి. వినాలని లేకపోతే మొదటి రోజే ‘మాకు ఇష్టం లేదు బాబూ’ అని నవ్వుతూ చెప్పేయండి. వాళ్లు నొచ్చుకోరు, దండం పెట్టి వెళ్తారు.